బండి అప్పగింతలు

పాత బుల్లెట్ క్లచ్ లాగిన వాళ్లకు తెలుసు, అది అంత సులువుగా లొంగదు. ఎడమచేతి నాలుగు వేళ్లూ లివర్ మీద వేసి, బొటనవేలు గ్రిప్పు చుట్టూ బిగించి, అరచెయ్యంతా ముడిచి లాగాలి. మా మిత్రుడికి ముప్పై ఏళ్ల పైబడి ఆ లాగుడు అలవాటు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరిన కొత్తలో కొన్నాడు ఆ బండి. 1991 మోడల్, ఏపీ 16 నంబరు. ఒక సాయంత్రం విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర క్లచ్ పూర్తిగా లాగలేక, గేర్లో ఉన్న బండి ఒక్క ఉరుకు ఉరికి ఆగిపోయింది. కేబుల్ బిగుసుకుందనుకున్నాడు. ఆటోనగర్‌కు తీసుకెళ్లి మార్పించాడు. మార్చినా అదే వరస. షెడ్డులో కుర్రాడు రెండుమూడు సార్లు లాగి చూసి, "లివర్ ఫ్రీగానే ఉందండీ మాస్టారూ" అన్నాడు.

కొన్నాళ్లకు తాళంచెవి తిప్పడం కష్టమైంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చింది. ఎడమ బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ పలచబడి, అక్కడ చిన్న గుంట పడింది. చర్మం కింద కండరాలు వాటంతటవే సన్నగా అదురుతుండేవి. హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు కండరాల్లోకి సన్నటి సూదులు గుచ్చి విద్యుత్ సంకేతాలు చూసే ఈఎంజీ పరీక్ష చేశారు. ఇలాగే కనిపించే మరికొన్ని జబ్బులు కావని రూఢి చేసుకున్నాక పేరు చెప్పారు: అమియోట్రాఫిక్ లాటరల్ స్క్లిరోసిస్. క్లుప్తంగా ఏఎల్ఎస్.

ఈ జబ్బును 1869లో ఫ్రెంచి వైద్యుడు ఝాన్ మార్తాన్ షార్కో స్పష్టంగా వర్ణించాడు. మన ఇష్టప్రకారం కదిలే ప్రతి కండరం వెనకా రెండంచెల నాడీకణాలు ఉంటాయి. మొదటి అంచె మెదడు పైపొర నుంచి మెదడు కాండం దాకానో వెన్నుపాము దాకానో, రెండో అంచె అక్కడి నుంచి కండరం దాకా. ఏఎల్ఎస్‌లో ఈ రెండంచెల కణాలూ ఒక్కొక్కటిగా చనిపోతాయి. పొలంలో మోటారు బాగానే ఉండి, స్టార్టరూ బాగానే ఉండి, మధ్యలో సర్వీసు వైరు తెగితే నీళ్లు రావు కదా, అలాంటిది. సంకేతం అందని కండరం చిక్కిపోతుంది. చేతిలో మొదలైనప్పుడు బొటనవేలు, చూపుడువేలు వైపు కండలు ముందు తగ్గి, చిటికెన వేలి వైపు కండలు కొంతకాలం నిలబడతాయి. న్యూరాలజిస్టులు చేతిని చూసే జబ్బును అనుమానించడానికి ఇదొక ఆనవాలు. ఎక్కువమందిలో ఎందుకు మొదలైందో చెప్పగల కారణం దొరకదు. వంశపారంపర్యంగా వచ్చేది పదిమందిలో ఒకరికి. లక్షణాలు మొదలైన నాటినుంచి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్లు బతుకుతారు, పదిమందిలో ఒకరు మాత్రం పదేళ్లు దాటుతారు. 1963లో, ఇరవయ్యొక్క ఏళ్ల వయసులో జబ్బు బయటపడిన స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా జీవించాడు. అది చాలా అరుదైన సంగతి. 1995లో వచ్చిన రిలుజోల్ మందు జబ్బును ఆపదు. కొన్ని నెలల గడువు ఇస్తుంది.

ఈ జబ్బు తీసుకుపోయే వాటి గురించి అందరూ చెబుతారు. ముట్టుకోని వాటి గురించి తక్కువమంది చెబుతారు. స్పర్శ తెచ్చే నాడులు వేరు, కదలిక పంపే నాడులు వేరు. ఏఎల్ఎస్ ముఖ్యంగా రెండో రకాన్ని పట్టుకుంటుంది. వేడి, చల్లన, గరుకు, నునుపు, అదురు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. చూపు, వినికిడి ఉంటాయి. కనుగుడ్లను కదిపే కండరాలు చాలాకాలం పనిచేస్తాయి. చాలామందిలో తెలివి చెక్కుచెదరదు. కొందరిలో మాత్రం ఆలోచనలోనో ప్రవర్తనలోనో మార్పు వస్తుంది, అది డాక్టరు పరీక్షించి చెప్పవలసిన సంగతి. అంటే మా వాడి ముందు ఉన్న పరిస్థితి ఇది: బండిని నడిపే శక్తి పోతోంది, బండిని ఎరిగిన మనిషి పూర్తిగా అక్కడే ఉన్నాడు.

ఇలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు తొందరపడతారు. ప్రేమతోనే తొందరపడతారు. "చూసినకొద్దీ బాధ, ముందు ఆ బండి తీసెయ్యండి" అని బంధువులు అన్నారు. బండిని ఎవరో వచ్చి తోసుకుపోతే బాధ తీరిపోతుందని వాళ్ల లెక్క. నేను చదివినదాన్ని బట్టి, కళ్లారా చూసినదాన్ని బట్టి ఆ లెక్క తప్పు. స్నేహితుడు చెయ్యవలసిన పని బండిని వదిలించడం కాదు, అప్పగించే మనిషి మొదటినుంచి చివరిదాకా వాడే అయ్యేలా చూడటం. ఎందుకో చెప్పడానికి కాస్త మెదడులోకి వెళ్లాలి.

1911లో లండన్ న్యూరాలజిస్టులు హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ ఒక ఊహ ముందుకు తెచ్చారు. మన శరీరం ఏ భంగిమలో ఉందో, ఏ అవయవం ఎక్కడుందో మెదడు ఎప్పటికప్పుడు ఒక పటం గీసుకుంటూ ఉంటుందని, ఆ పటం చర్మం దగ్గర ఆగదని. ఆ రోజుల్లో ఆడవాళ్లు పొడవాటి ఈకలున్న టోపీలు పెట్టుకునేవారు. తన శరీరం ఎక్కడుందన్న ఎరుక ఆమెకు ఆ ఈక దాకా సాగగలదని వాళ్లు ఉదాహరణ చెప్పారు. దానికి నాడీకణాల స్థాయిలో రుజువు 1996లో జపాన్‌లో దొరికింది. అత్సుషి ఇరికి బృందం కోతులకు చిన్న కర్రతో దూరంగా ఉన్న తిండి లాక్కోవడం నేర్పింది. మెదడు పక్కభాగంలో, చేతి స్పర్శకూ చేతి చుట్టూ ఉన్న జాగా చూపుకూ కలిపి స్పందించే కణాలున్నాయి. కోతి కర్రతో కాసేపు పనిచేశాక ఆ కణాల చూపు పరిధి కర్ర కొస దాకా సాగింది. అదే కర్రను ఊరికే పట్టుకుని కూర్చుంటే సాగలేదు.

ఆ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. వస్తువు దగ్గర ఉన్నంతమాత్రాన మెదడు దాన్ని ఒంట్లో కలుపుకోదు. దాంతో పనిచెయ్యాలి. బీరువాలో నగ మీద ఉండే మమకారానికీ, ముప్పై ఏళ్లు నడిపిన బండి మీద ఉండే మమకారానికీ తేడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. హ్యాండిల్‌బారు ఎంత వెడల్పో వన్‌టౌన్ సందుల్లో కొలిచి చూడరు, భుజానికి తెలుస్తుంది. వెనక చక్రం ఇసుకలో జారుతోందని కళ్లకంటే ముందు నడుముకు తెలుస్తుంది.

పైగా పాత బుల్లెట్ పట్టుబడే విధానం వేరు. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టి 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన బండి ఇది. 346 సీసీ, ఒకే సిలిండరు. ఇప్పటి బళ్లకు భిన్నంగా గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. స్టార్ట్ చెయ్యడానికి బలంకన్నా వరస ముఖ్యం. తాళం తిప్పి, కిక్కు రాడ్డును నెమ్మదిగా కిందికి నొక్కుతూ హెడ్‌లైటు మీదున్న ఆమ్మీటరు చూడాలి. ముల్లు ఎడమకు పోయి మళ్లీ నడిమికి వచ్చిన చోట ఆగాలి. పిస్టన్ సరైన చోటికి వచ్చిందన్నమాట. ఇప్పుడు ఎడమచేతి దగ్గరున్న చిన్న డీకంప్రెసర్ లివర్ లాగి, సిలిండర్లో ఒత్తిడి కాస్త వదిలి, రాడ్డును ఇంకొంచెం దించి, లివర్ వదిలేసి, రాడ్డును పైదాకా రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు కిక్కు. వరస తప్పితే రాడ్డు ఎదురు తన్ని పిక్క పగలగొడుతుంది. మా వాడు ఇదంతా ఎవరితోనో మాట్లాడుతూ చేసేవాడు. ఏం చేస్తున్నావురా అని అడిగితే చెప్పడానికి తడుముకునేవాడు.

తడుముకోవడం సహజం. సంగతులు గుర్తుపెట్టుకునే ఏర్పాటు, పనులు గుర్తుపెట్టుకునే ఏర్పాటు మెదడులో వేరువేరు. మూర్ఛ తగ్గడానికి 1953లో మెదడు లోపలి భాగాలు తీసేయించుకున్న హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ ఆ తర్వాత కొత్త సంగతి దేన్నీ నిలుపుకోలేకపోయాడు. కానీ బ్రెండా మిల్నర్ అద్దంలో చూసి నక్షత్రం గీసే పని ఇస్తే రోజురోజుకూ బాగా గీశాడు, నిన్న గీశానన్న సంగతి మాత్రం తెలియదు. చేతిపనుల జ్ఞాపకం చిన్నమెదడులో, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాలో నిలుస్తుంది. ఏఎల్ఎస్ వచ్చినంత మాత్రాన ఆ జ్ఞాపకం చెరిగిపోదు. చెయ్యి కదలకపోయినా కదిలించే వరస లోపల ఉంటుంది. మా వాడు కుర్చీలో కూర్చుని రోడ్డు మీద ఎవరి బండో గేరు మారుస్తుంటే కుడి పాదం వైపు చూసుకునేవాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చెయ్యాలి. బండి నడపడం మానడం ఒక నష్టం, బండిని వదులుకోవడం ఇంకొకటి. మనం రెంటినీ ఒకేరోజు మనిషి మీద వేసేస్తాం. డ్రైవింగ్ మానేసిన పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో గుదిగుచ్చి చూస్తే, మానేసినవాళ్లలో కుంగుబాటు లక్షణాల ముప్పు దాదాపు రెట్టింపుగా తేలింది. అవి ఎక్కువగా కారు నడిపే దేశాల లెక్కలు. బండే కాళ్లుగా బతికిన మన ఊళ్లలో మాస్టార్లకు, పాలవాళ్లకు, ఏజెంట్లకు అది తక్కువ ఉంటుందని నేననుకోను. నడపడం ఆపమనే మాట డాక్టరు నోటినుంచి రావాలి, వెంటనే రావాలి. అందులో బేరం లేదు. క్లచ్ అందని చెయ్యి రోడ్డు మీద ఇంకొకరి ప్రాణం తియ్యగలదు. కానీ ఆ మాట వచ్చిన వారంలోనే బండికి బేరం పెట్టనక్కర్లేదు. మా వాడి బండి ఆ తర్వాత చాలాకాలం వరండాలో సెంటర్ స్టాండు మీదే ఉంది. వాళ్లావిడ రోజూ దుమ్ము తుడిచేది. "ఉండనివ్వండి అన్నయ్యగారూ, ఆయనే చెబుతారు" అంది. ఇక్కడ నేను చెప్పదలచుకున్నదంతా ఆ అమ్మాయికి చదవకుండానే తెలుసు.

తనే చెప్పాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి, "ఒరేయ్, బండి ఎవరికివ్వాలో చూడాలిరా" అన్నాడు. "ఎంతకి అమ్మాలో" అనలేదు, "ఎవరికివ్వాలో" అన్నాడు. ధర మాట మాత్రం ఎలాగూ వచ్చింది. చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి చెప్పిన రేటు విని మా వాడి ముఖం మాడిపోయింది. మార్కెట్లో ఆ బండికి ఆ రేటు అన్యాయమేమీ కాదు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కార్నెల్ విద్యార్థుల్లో సగంమందికి మామూలు కాఫీ మగ్గులు ఊరికే ఇచ్చారు. కాసేపటికి అమ్మమంటే, ఇచ్చినవాళ్లు అడిగిన నడిమి ధర 5.25 డాలర్లు. లేనివాళ్లు పెట్టడానికి ఒప్పుకున్నది 2.25 నుంచి 2.75. చేతికొచ్చి నిండా గంట కాని మగ్గుకే రెట్టింపు తేడా. ఉన్నది పోతుందన్న నొప్పి, లేనిది వస్తుందన్న సంతోషంకన్నా బరువైనదని వాళ్ల వివరణ. మరి ముప్పై ఏళ్ల బండికి, అదీ ఒకదాని తర్వాత ఒకటి పోతున్న మనిషి దగ్గర, ఆ బరువు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. కాబట్టి జబ్బు మనిషి ఎక్కువ ధర చెబితే ఆశ అనుకోకూడదు. బేరం వాడి ముందు ఆడకూడదు.

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చిన పరిశోధన ఇంకొకటి. ఆరన్ బ్రో, మాథ్యూ ఐజాక్ 2012లో వాడిన వస్తువులు అమ్మేవాళ్ల మీద పనిచేశారు. వస్తువు మీద మమకారం ఉన్నవాళ్లు కొనేవాడు దాన్ని ఏం చేస్తాడో చూస్తారని, తమకు నచ్చే విధంగా వాడేవాడికి తక్కువకైనా ఇస్తారని తేలింది. మమకారం ధరను పెంచుతుందని మాత్రమే అనుకుంటాం. సరైన మనిషి దొరికితే అదే మమకారం ధరను దించుతుంది. దానికి ముందే, 2000లో లిండా ప్రైస్, ఎరిక్ ఆర్నౌల్డ్, కరోలిన్ కురాసి వృద్ధులతో మాట్లాడి, వాళ్లు ప్రియమైన వస్తువుల్ని ఎలా పంచుతారో రాశారు. ఎవరికి, ఎప్పుడు, ఏ విధంగా అన్న మూడు ప్రశ్నల చుట్టూ వాళ్లు ఎంతో మథనపడతారు. వస్తువుతోపాటు దాని కథ కూడా చేరాలని కోరుకుంటారు.

ఆ తర్వాత వచ్చినవాళ్లను మేం ధర అడగలేదు. బండితో ఏం చేస్తారని అడిగాం. ఒకాయన మంచి రేటే చెప్పాడు, కానీ టాంకు కోయించి, సీటు మార్పించి, సైలెన్సరు తీయించి, ఫోటోల్లో చూపించే బండిగా మారుస్తానన్నాడు. మా వాడు తల అడ్డంగా తిప్పాడు. అప్పటికి మాట ముద్దగా వస్తోంది. చివరికి మనసు ఎక్కడ ఆగిందంటే, లివర్ ఫ్రీగానే ఉందన్న ఆ షెడ్డు కుర్రాడి దగ్గర. ఆ బండి పాయింట్లు అరిగితే గీకినవాడు, వాల్వులు సరిచేసినవాడు. ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. వాడు చెప్పగలిగిన రేటు మొదటి మనిషి చెప్పినదానికన్నా తక్కువ. "అంతేనండీ మాస్టారూ నా దగ్గర, మీకు తెలుసు కదా" అన్నాడు. మా వాడు కాదనలేదు. ఒక షరతు పెట్టాడు: స్టార్ట్ చెయ్యడం తన దగ్గరే, తను చెప్పినట్టే నేర్చుకోవాలి. మెకానిక్‌కు స్టార్ట్ చెయ్యడం రాదా? వచ్చు. అయినా నేర్చుకోవడానికి వచ్చాడు, చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

ఎంపిక తనదే కావడం మనిషికి ఏం చేస్తుందన్నదాని మీద 1976లో రిచర్డ్ షుల్జ్ అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ఉంది. కాలేజీ విద్యార్థులు వెళ్లి పెద్దవాళ్లతో కబుర్లు చెప్పి వస్తారు. కొందరి విషయంలో ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. కొందరికి ఎప్పుడొస్తారో ముందే చెబుతారు. కొందరి దగ్గరకు చెప్పకుండా వెళతారు. కొందరి దగ్గరకు ఎవరూ వెళ్లరు. నిర్ణయం చేతిలో ఉన్నవాళ్లు, ముందే తెలిసినవాళ్లు ఉత్సాహంలో, ఆరోగ్యంలో మెరుగ్గా ఉన్నారు. ఇంతవరకు సంతోషమే. కానీ అధ్యయనం ముగిసి విద్యార్థులు రావడం మానేశాక షుల్జ్, బార్బరా హనుసా మళ్లీ చూస్తే, మెరుగుపడిన ఆ రెండు బృందాలవాళ్లే ఎక్కువగా దిగజారారు. 1978లో ఆ ఫలితం అచ్చయింది. ఆ పేజీలు చదివి నేను చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. బండి పని అయిపోయిందని రావడం తగ్గించే స్నేహితుడు మేలుకన్నా కీడే చేస్తాడు. శుక్రవారం సాయంత్రం వస్తానని మాట ఇస్తే బండి ఉన్నా లేకున్నా శుక్రవారం వెళ్లాలి.

ఈ మాటలన్నీ సాగుతున్నప్పుడు ఒక గందరగోళం ఎదురైంది. ఇంటివాళ్లు భయపడ్డారు కాబట్టి చెబుతున్నాను. బండి మాట ఎత్తగానే మా వాడు వెక్కివెక్కి ఏడ్చేవాడు. అంతలోనే నవ్వేవాడు. ఇక ఈ మాట ఎత్తొద్దని అందరూ అన్నారు. ఏఎల్ఎస్‌లో చాలామందికి ఇలా జరుగుతుంది. ముఖకవళికల్ని అదుపులో ఉంచే మెదడు దారులు దెబ్బతిని, చిన్న ఉద్వేగానికే ఏడుపో నవ్వో కట్టలు తెంచుకుంటుంది. లోపలి బాధకూ పైకి కనిపించే ఏడుపుకూ కొలత కుదరదు. దీన్ని స్యూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. తగ్గించే మందులున్నాయి, డాక్టరుకు చెప్పాలి. పక్కన కూర్చున్నవాళ్లు చెయ్యవలసింది, ఏడుపు ఆగేదాకా మామూలుగా ఉండి, ఆగాక ఆపిన మాట దగ్గర్నుంచే మొదలుపెట్టడం. ఏడుపు చూసి మాట మార్చేస్తే ఆ మనిషి తన నిర్ణయం పూర్తిచేసే అవకాశం పోతుంది. మా వాడు ఏడుపు ఆగాక స్లేటు మీద రాసిన మాట: "కేబుల్ కొత్తదే, చెప్పు వాడికి."

స్లేటు అన్నాను కదా. ఏఎల్ఎస్ గొంతు కండరాలకు పాకితే మాట పోతుంది. అందుకే ఇప్పుడు వైద్యులు మాట ఉన్నప్పుడే గొంతు రికార్డు చేసి పెట్టుకోమంటున్నారు. తర్వాత కంప్యూటరు అదే గొంతుతో మాట్లాడగలదు. మేం ఫోన్లో చేసిన రికార్డు అంత పద్ధతైనది కాదు, కానీ బండికి సంబంధించింది ముందే చేసుకున్నాం. ఆమ్మీటరు ముల్లు ఎక్కడ ఆగాలి, చలికాలం చోక్ ఎంతసేపు, ఆయిల్ ఎక్కడ కారుతుంది, ఎంత కారితే కంగారు పడనక్కర్లేదు. చేతుల్లో ఉన్న జ్ఞాపకాన్ని మాటల్లోకి తేవడం వాడికి కష్టమైంది. కళ్లు మూసుకుని, కుడికాలు ఊహలో కదుపుకుంటూ చెప్పాడు. ఒక కదలికను ఊహించుకున్నప్పుడు మెదడులో ఆ కదలికను ఏర్పాటుచేసే భాగాలు చాలావరకు పనిచేస్తాయని స్కానింగుల్లో చూశారు. ఆ మధ్యాహ్నం వాడు నిజంగానే బండి నడిపాడంటే అతిశయోక్తి కాదు.

ఫోటోలు కూడా తీశాం. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం హాస్టళ్లలో కారెన్ వింటరిచ్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2017లో అచ్చయింది. సంవత్సరం చివర వస్తువులు దానమివ్వమని కొన్ని హాస్టళ్లలో మామూలుగా అడిగారు. కొన్నిట్లో, జ్ఞాపకమున్న వస్తువుకు ముందు ఫోటో తీసుకుని ఇవ్వమన్నారు. ఫోటో మాట చెప్పిన చోట దాదాపు 15 శాతం ఎక్కువ వస్తువులు వచ్చాయి. జ్ఞాపకం తన దగ్గర ఉండిపోతుందన్న భరోసా ఉంటే చెయ్యి వదలడం తేలిక. మా వాడు మొత్తం బండి ఫోటో ఒక్కటే చాలన్నాడు. మిగతావన్నీ దగ్గరగా తీయించాడు: కిక్కు రాడ్డు మీద అరిగిపోయిన రబ్బరు, టాంకుకు మోకాలు రాసుకుని రంగు పోయిన చోటు, గాలివానలో కొల్లేరు గట్టు మీద పడిపోయినప్పటి సొట్ట.

కాగితాల సంగతి విసుగైనదే, కానీ ప్రాణమున్న విషయం. బండి చేతులు మారితే సరిపోదు, ఆర్‌సీలో పేరు మారాలి. దానికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాడి సంతకం కావాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చెయ్యాలి. బీమా కూడా కొన్నవాడి పేరుకు మార్పించాలి. పేరు మారకుండా బండి ప్రమాదం చేస్తే పరిహారం భారం కాగితంలో ఉన్న యజమాని మీదే పడుతుందని 2018లో నవీన్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ భారం జబ్బుమనిషి ఇంటిమీద పడకూడదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అది అయిపోయి ఉంటే ముందు దాన్ని చూసుకోవాలి. యజమాని పోయాక వారసులు ఫారం 31తో మార్పించుకోవచ్చు, 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు కూడా రాయించుకోవచ్చు. అయినా సంతకం పెట్టే చెయ్యి ఉన్నప్పుడే పెట్టించడం మేలు. మా వాడి కుడిచెయ్యి అప్పటికి ఇంకా పెన్ను పట్టగలుగుతోంది. సంతకం వంకర పోయింది, పాత సంతకంతో సరిపోలదేమోనని మేం బెంగపడ్డాం. తనే ఇంకో కాగితం మీద రెండుసార్లు సాధన చేసి మూడోసారి ఫారం మీద పెట్టాడు.

బండి వెళ్లేరోజు కుర్రాడు పొద్దున్నే వచ్చాడు. మా వాణ్ని చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చాం. కుర్రాడు ఒక్కో మెట్టూ పైకి చెబుతూ చేశాడు, మాస్టారు కళ్లతో ఊ అంటే తర్వాతి మెట్టు. ఒక్క కిక్కుకు అందుకుంది. నేను మా వాడి కుడి అరచెయ్యి ఎత్తి టాంకు మీద పెట్టాను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒక పేలుడు. నిమిషానికి ఏడొందల చుట్లు తిరిగే ఐడిలింగులో సెకనుకు ఆరు దెబ్బల లోపు. అంత నెమ్మదిగా కాబట్టే దెబ్బ దెబ్బా విడిగా తెలుస్తుంది. అరచేతి చర్మంలో పైపైన ఉండే మైస్నర్ కణికలు నెమ్మది కదలికల్ని, లోతున ఉండే పాసీనియన్ కణికలు వేగంగా అదిరే కంపనాల్ని పసిగడతాయి. ఆ చేతిలో అవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. లివర్ లాగలేని చేతికి ఇంజను పూర్తిగా తెలుస్తోంది.

షార్కో సంగతి ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. ఆయన దగ్గరకు వచ్చే పార్కిన్సన్ రోగులు కొందరు, దూరం రైలు ప్రయాణం చేసి దిగాక ఒళ్లు తేలికపడిందని చెప్పేవారట. వాహనపు కుదుపులోనే మందుందని ఆయన 1892లో అదిరే కుర్చీ ఒకటి చేయించాడు. నూట ఇరవై ఏళ్ల తర్వాత పరిశోధకులు అలాంటి కుర్చీనే పరీక్షించి, అదరని కుర్చీలో హాయిగా కూర్చున్నవాళ్లకూ అంతే మేలు కలిగిందని తేల్చారు. టాంకు మీద చెయ్యి పెట్టినందువల్ల జబ్బు తగ్గుతుందని నేను అనడం లేదు. ఆ పావుగంట మా వాడు రోగిగా కాక బండి యజమానిగా ఉన్నాడు. చాలు అని కళ్లతో వాడు చెప్పేదాకా ఇంజను ఆపలేదు. ఆ తర్వాతే కుర్రాడు బండి ఎక్కాడు.

తర్వాతి శుక్రవారాలు కూడా నేను వెళుతూనే ఉన్నాను. కుర్రాడు ఆదివారాలు వస్తాడు. వచ్చినప్పుడు ఒక సందేహం పట్టుకొస్తాడు. కార్బ్యురేటర్‌లో మెయిన్ జెట్ మార్చాలా, ఈమధ్య పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌కు పాత రబ్బరు పైపులు తట్టుకుంటాయా అని. మా వాడు అక్షరాల పలక మీద కళ్లతో ఒక్కో అక్షరం చూపిస్తాడు, వాళ్లావిడ కూడబలికి చదువుతుంది. ఒక జవాబుకు అరగంట పడుతుంది. ఎవరూ తొందరపెట్టరు. స్పానర్ల పెట్టె ఇంకా వరండాలోనే ఉంది. దాన్నీ ఇచ్చేద్దామా అని కుర్రాడి ఎదుటే అడిగాను. మా వాడు పలక మీద రెండే మాటలు చూపించాడు: "ఇప్పుడే కాదు."